సామాను కాపలా

అక్కా,

క్షేమంగా ఉన్నాను. ఈ కొండమీది చలికి నువ్విచ్చిన శాలువా సరిపోతోంది.

మనవాళ్లు ఎక్కడికి వెళ్లినా సంచులూ చెప్పులూ నాకప్పగించి పైకి వెళ్లడం అలవాటు కదా. నిన్న శిఖరం మెట్ల దగ్గర సంచి ఒళ్లో పెట్టుకుని గంటసేపు బెంచీ మీద కూర్చున్నాను. మొక్కజొన్న కంకులు కాల్చే ఆవిడ అడిగింది: “ఎవరి కోసమమ్మా?”

“ఎవరూ లేరండీ, ఒక్కదాన్నే వచ్చాను.”

“మరి పైకెళ్లిందెవరు?”

ఒళ్లో సంచి వైపు చూసుకున్నాను, అది నాదే. ఆవిడతో పాటు నేనూ నవ్వేశాను. ఇన్నేళ్లూ నన్నెవరైనా కూర్చోబెట్టారా, నేనే కూర్చున్నానా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. లేచేసరికి మంచు కమ్మి మెట్లదారి మూసేశారు.

అందుకని గురువారం బస్సుకు రావడం లేదు. ఈ కార్డు డబ్బాలో వేసి అటే శిఖరానికి వెళ్తున్నాను. మోకాళ్లు ఏమంటాయో చూడాలి. తర్వాత సరస్సులో పడవ, ఊగే వంతెన. అన్నీ చూసి శనివారం దిగుతాను. మీ మరిదిగారికి నువ్వే చెప్పాలి. ఫోన్ చేస్తే ఆయన గొంతు విని బస్సెక్కేస్తానని నా భయం.

మా చిన్నదానికి దగ్గు తగ్గిందా? గ్యాస్ బండ వచ్చిందా? పెద్దవాడి బట్టలు వాడినే ఇస్త్రీ చేసుకోమను, చేతులు అరిగిపోవులే.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పక్కన కొట్టేసిన చోట ‘వీలైతే గురువారమే వచ్చేస్తాను’ అని ఉంటుంది. కొట్టేశాను కాబట్టి, కనబడినా చదవనట్టే ఉండు.

నీ చెల్లి