బాయికాడి స్టార్టర్

మంగళవారం, జనగామ. సమ్మె నడుస్తూనే ఉంది.

కంప్యూటర్ చెప్పినట్టు ఇనుప రేకులు కోసే బల్లకు మోటార్లు నా బామ్మర్ది యాదగిరి ఎంచాడు, కరెంటు పెట్టె నేను కట్టాను. బొగ్గు సమ్మెతో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కదా, పొలంలో బాయికాడి పంపుకు పెట్టినట్టే దీనికీ ఆటో స్టార్టర్ పెట్టాను. కరెంటు రాగానే దానంతట అదే నడుస్తుందని నా తెలివికి నేనే మురిశాను.

ఇవాళ కోత మధ్యలో కరెంటు పోయింది. ఇరుక్కున్న ముక్క తీయడానికి యాదగిరి మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టాడు. బల్లను నడిపే ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద కోత ఆదేశాలు పంపుతూనే ఉంది. అది చూశాకే నేను పెట్టిన ఆటో స్టార్టర్ గుర్తొచ్చింది.

"చెయ్యి తియ్‌రా, కరెంటొస్తే మోటరు లేస్తది."

"నీ పరాచికాలు నాకు తెల్వయా బావా? మొన్న పోలీసులొచ్చిన్రని ఉత్తగ చెప్పి నన్ను గడ్డివాముల దాపెట్టలేదా?"

రెక్క పట్టి గుంజాను. వాడు తిడుతుండగానే మోటార్లు గుర్రుమన్నాయి. అంతదాకా వాడి చేయి ఉన్న చోటికి, కోత మూతిని మోసే దూలం పోయి గుద్దుకుంది.

స్టార్టర్ ఊడబీకాను. చేత్తో నొక్కితేనే లేచే మీట పెడదామంటే, "నువ్వే కట్టు బావా" అన్నాడు. వాడి చేయి తీసేయబోయింది నేను కట్టిన పెట్టెనే; వాడు అంత తేలిగ్గా నన్ను మళ్లీ నమ్మకుండా ఉండాల్సింది...