తోడల్లుడి లేజర్ పన్ను

ఆదివారం. అందరూ పడుకున్నాక.

మా ఆవిడ చెల్లెలి మొగుడు మూర్తి ఫరీదాబాద్ నుంచి ఇవాళ భోజనానికొచ్చాడు. కూర్చున్న దగ్గర్నుంచీ పన్ను పురాణమే. పుచ్చు లేజర్‌తో తీయించుకున్నాట్ట. సూది లేదు, డ్రిల్లు మోత లేదు. కళ్లకి రంగు అద్దాలు పెట్టి, నీళ్లు చిమ్ముతూ, టిక్కుటిక్కుమనిపించి పుచ్చంతా ఊడ్చేశారట. మా ఆవిడ వడ్డించడం మానేసి గరిటె పట్టుకుని మరీ వింది. "ఎంత ధైర్యం మరిదిగారూ!" అంది. నొప్పే లేనిదానికి ధైర్యమెందుకే? పోయినేడు డ్రిల్లు పెడితే నేను అరిచిన అరుపుకి బయట కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోయారని ఊరంతా చాటింది ఈవిడే కదా!

కడుపుమంట ఆగలేదు. "జాగ్రత్త మూర్తీ, లేజర్ కొట్టిన పన్ను చీకట్లో మెరుస్తుంది. మెట్రోలో నోరు తెరవకు" అన్నాను. చెయ్యి కడుక్కునే వంకతో బాత్రూంలోకెళ్లి, లైటార్పి, అద్దంలో చూసుకున్నాడు మహానుభావుడు. నేను వెనకే వెళ్లి తలుపు తోసి, "మెరిసిందా?" అన్నాను. ఇల్లంతా ఒకటే నవ్వు. వాడొక్కడే నవ్వలేదు.

"అచ్ఛా అన్నయ్యా, నీకూ ఓ రోజొస్తుందిలే" అని చెప్పులేసుకున్నాడు.

రావడమేంటి, వచ్చేసింది. కుడివైపు పై పన్ను వారం నుంచి సలుపుతోంది. ఆ లేజర్ డాక్టరెవరో మెల్లిగా అడుగుదామనే వాణ్ని భోజనానికి పిలిచాను.

ఇప్పుడు ఫోన్ చేస్తే, "మెరుస్తుందిగా అన్నయ్యా, నీకెందుకులే" అంటాడు. వాడి స్థానంలో ఉంటే నేనూ అదే అందును...