తాతయ్య బాగుచేసిన అకార్డియన్

తాతయ్యకు,

నీ వాగుడుకాయ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, నువ్విచ్చిన అకార్డియన్ మాత్రం క్షేమంగా లేదు. భుజం పట్టీ తెగింది. లోపల ఏళ్ళ తరబడి ఏదో గలగలమనేది కదా, అది ఎక్కడో ఇరుక్కున్నట్టుంది. ఒక స్వరం మెట్టు నొక్కకపోయినా మోగుతోంది. తిత్తి లాగితే చాలు, పిలవని పేరంటానికి ముందే హాజరు.

బస్సులో పంపిస్తున్నాను. త్వరలో మా కాలేజీ వాద్యబృందానికి ఎంపిక. అకార్డియన్‌కి ఒక్కటే చోటు. అది రాకపోతే పెట్టెను అటకెక్కించి టైపు క్లాసులో చేరాలని నాన్న తీర్మానించారు.

నీ వాగుడుకాయ

తా.క.: ఆదివారం డాన్సు హాల్లో వాల్ట్జ్ విన్నాను. ఆ అకార్డియన్ గొంతు నీళ్ళలో చందమామలా వణికింది. వణుకులో అంత అందముందని ఇప్పుడే తెలిసింది.

---

చిరంజీవి వాగుడుకాయకు తాతయ్య ఆశీస్సులు.

పెట్టె అందింది. పట్టీ కుట్టాను. నీ ఆర్డరు ప్రకారం వణుకు కూడా పెట్టాను. ఒక్కో స్వరానికి మోగే జంట లోహపు రీడ్లలో ఒకదాన్ని వెంట్రుకవాసి గీస్తే రెండూ కీచులాడుకుంటాయి. అదే వణుకు. నా వాద్యాల మరమ్మతు దుకాణంలో మొదటినుంచీ ఒకటే పద్ధతి: ఎలాంటి పాటకో చెప్పాకే రీడు ముట్టుకుంటాను. నేనడక్కుండానే నువ్వు చెప్పావు. తాతకు తగ్గ మనవరాలివి.

మీ తాతయ్య

తా.క.: లోపల గలగలమన్నది నీ పాలపన్ను. ఒక మెట్టు గాలి మూతకింద ఇరుక్కుని ఆ స్వరాన్ని మోగించింది అదే. అప్పట్లో మింగేశావనుకుని మీ అమ్మ నీకు రోజంతా అరటిపళ్ళు కుక్కింది. మీ అమ్మమ్మ ఆ పన్ను కడిగి అగ్గిపెట్టెలో దాచింది.

---

తాతయ్యకు,

నీ జవాబు ఇంకా అందలేదు, అయినా నా చెయ్యి ఊరుకోవడంలేదు. నిన్న ప్రార్థన మందిరంలో ఆర్గన్ మొరాయిస్తే ఒక పెద్దాయన అకార్డియన్ అందుకున్నాడు. గాలి సోకని గదిలో దీపంలా ఆ స్వరం కదిలితే ఒట్టు. మొన్న వణికిందీ ఇదేనా అనిపించింది.

నీ వాగుడుకాయ

తా.క.: సాయంత్రం డాన్సు హాల్లో టాంగో విన్నాను. అక్కడ అదే వాద్యం పళ్ళ బిగువున కోపం ఆపుకున్న అత్తగారు. మాట తక్కువ, చూపెక్కువ.

---

చిరంజీవి వాగుడుకాయకు,

ఆశీస్సులు తర్వాత. ముందు మనసు ఒకచోట పెట్టు. నువ్వన్నావని వణుకంతా తీసి దీపం నిలబెట్టాను. తీరా తా.క. చూస్తే అత్తగారు కావాలన్నావు. కింది స్వరాలు బరువెక్కించాను. మీ అమ్మమ్మ వంటింట్లోంచి "ఎవరండీ ఆవిడ, ఎందుకలా గుర్రుమంటోంది?" అంది. దీపం, అత్తగారు ఒకే పెట్టెలో ఇమడరు. ఎవర్ని ఉంచాలో వెంటనే రాయి.

మీ తాతయ్య

తా.క.: గీసినకొద్దీ రీడు అరుగుతుంది. నువ్వింకో రెండు పాటలు వింటే తిత్తి ఒక్కటే మిగులుతుంది. దానితో పొయ్యి ఊదుకోవచ్చు.

---

తాతయ్యా,

కొంప మునిగింది. నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. నేను రాసినవి ఆర్డర్లు కావు, వర్ణనలు. ఈమధ్య నాకు మాటల పిచ్చి పట్టింది. ఏది విన్నా దేనితోనో ఒకదానితో పోల్చకపోతే అన్నం సయించదు. ఎంపిక శుక్రవారమే. నీకు దణ్ణం పెడతాను, పెట్టె నా దగ్గర ఎలా ఉండేదో అలాగే చేసి పంపించెయ్.

నీ వాగుడుకాయ

తా.క. లేదు. రాస్తే మళ్ళీ గీస్తావు.

---

చిరంజీవి వాగుడుకాయకు,

నీ దగ్గర ఎలా ఉండేదో అక్షరాలా అలాగే చేశాను. ఒక పని చేయడానికి మనసొప్పలేదు గానీ, ఆర్డరు ఆర్డరే. పెట్టె బస్సు కండక్టరుకి అప్పజెప్పాను. ధైర్యంగా వాయించు.

మీ తాతయ్య

తా.క.: పట్టీ కూడా తెంచబోయాను. మీ అమ్మమ్మ కత్తెర లాక్కుంది.

---

తాతయ్యకు, కత్తెర లాక్కున్నందుకు అమ్మమ్మకు, వేయి నమస్కారాలు.

పెట్టె శుక్రవారం పొద్దున చేరింది. విప్పి చూసుకునే వ్యవధి లేక నేరుగా పరీక్ష గదికి మోసుకెళ్ళాను. తిత్తి లాగానో లేదో, ఆ పిలవని స్వరం వచ్చి కూర్చుంది. వాల్ట్జ్ మొదలెడితే అడుగడుగునా దానికి అడ్డుపడింది. ఆపేశాను. నాకు టైపు మిషను చప్పుడు వినబడసాగింది.

బృందం పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, "అది ఆగదా అమ్మాయ్?" అంది.

"ఆగదండీ. దాన్నీ కలుపుకుపోవాలి," అన్నాను.

అన్నాక తట్టింది. నువ్వు రీడ్లు గీస్తూ కూనిరాగం తీసే పడవ పాట ఉంది చూడు, దానికి కింద ఒక శ్రుతి పట్టి ఉంచితే చాలు. మొండి స్వరాన్నే శ్రుతి చేసుకుని ఆ పాట ఎత్తుకున్నాను. రెండో చరణానికి పెద్దావిడ కాలు తాళం వేస్తోంది. అయిపోయాక, "శ్రుతిపెట్టె ఎక్కడ దాచావు?" అని నా వెనక్కి తొంగిచూసింది.

చోటు నాకే వచ్చింది తాతయ్యా. తీసుకెళ్ళడానికొచ్చిన నాన్న టైపు క్లాసు మాట ఎత్తకుండా పెట్టె తనే మోశారు. ఇంటికొచ్చి విప్పితే, గాలి మూతకింద మళ్ళీ నా పాలపన్ను.

నీ వాగుడుకాయ

తా.క.: పన్ను భద్రంగా దాచాను. పడవ పాట వాయించే రోజున లోపల పెట్టాలట, సంగతి విన్న పెద్దావిడ మాట. మొదటి కచేరీ వచ్చే శనివారం. అమ్మమ్మతో వచ్చి ముందు వరుసలో కూర్చో. ఇది వర్ణన కాదు, ఆర్డరు.