ఇంకో విజిల్

శీనూ,

నువ్వు పోయి ఏడాదైంది. లలిత సన్నీవేల్‌లో మీ ఇల్లు ఖాళీ చేసి, చాండ్లర్‌లో వాళ్లన్నయ్య దగ్గరికి వెళ్లిపోతోంది. మొన్న మీ చిన్న కుక్కర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "దీన్ని చూస్తూ ఉండలేను అన్నయ్యా, మీరే తీసుకెళ్లండి" అంది.

శనివారం దాన్ని బ్యాగ్‌లో వేసుకుని, మనం ఏటా వెళ్లే సియెర్రా కొండల మీది లేక్‌కి వెళ్లాను. అందరూ ఎనర్జీ బార్లు మోసుకెళ్తుంటే మనిద్దరమే కుక్కర్ మోసేవాళ్లం కదా. ఈసారి ప్రతి మలుపులోనూ కూర్చున్నాను. కొండేం పెరగలేదు, నాకే ఓపిక తగ్గింది.

పైన ఏమీ మారలేదు. అవే నీలం నీళ్లు, చుట్టూ అవే బోడి రాళ్లు, నీడపట్టున ఇంకా కరగని మంచు. స్టవ్ వెలిగించి అన్నం పెట్టాను. కుక్కర్ విజిల్ వేయగానే అవతల కూర్చున్న ఒక తెల్లావిడ ఉలిక్కిపడి "ఆర్ యూ ఓకే?" అని అరిచింది. "జస్ట్ రైస్" అన్నాను. నువ్వైతే ఆవిణ్ణి పిలిచి ఆవకాయన్నం పెట్టేవాడివి. నాకు అంత మాట్లాడే ఓపిక లేకపోయింది.

ఎప్పటిలాగే మూడో విజిల్‌కి ఆపబోయాను. ఇంత ఎత్తులో బియ్యం తొందరగా ఉడకవని, "ఇంకొక్కటి రానీరా" అంటూ నువ్వు నా చెయ్యి పట్టుకునేవాడివి. ఆకలి మీద నేను వినేవాణ్ణి కాదు. పలుకు పలుకుగా ఉన్న అన్నమే పోట్లాడుకుంటూ తినేవాళ్లం.

ఈసారి చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. ఇంకో విజిల్ రానిచ్చాను.

అన్నం మెత్తగా ఉడికిందిరా. పోట్లాడ్డానికి ఏమీ లేదు.