వాడు గొడ్డలి వదిలేశాడు

మన పద్మ నాయినా, బాగున్నావా? నువ్వు పోయి నాలుగేళ్లు దాటింది. నీకొక మంచి కబురు చెప్పాలి. మొదట కాస్త తిట్టుకుంటావేమో...

మన కాలనీ పార్కులో చెక్కల మండపం లేచింది. కూర్చుందామంటే నీడ లేదని నువ్వు ఎన్ని ఎండాకాలాలు సణిగావు? బొగ్గుబాయిలో కప్పు కూలకుండా గుంజలు నిలబెట్టే మీ టింబర్ వాళ్లే ఆదివారాలు కూడి, కూలీనాలీ లేకుండా కట్టారు. అందరికంటే ముందు నీ తమ్ముడు కొమురయ్య. చేతిలో నీ గొడ్డలి. నువ్వు పోయాక దాన్ని ఇంకొకరిని ముట్టనివ్వడు.

అదే కదా నా భయం! బాయిలో కప్పు చిటపటలాడుతున్నా గొడ్డలి కోసం వెనక్కి పోయే మొండివాడు. "కప్పు మాట్లాడితే మనం మాట్లాడొద్దురా, ఉరకాలె. గొడ్డలి మళ్ల కొనుక్కోవచ్చు" అని ఎన్నిసార్లు మొత్తుకున్నావు? దవాఖానలో చివరికి నాతో అన్నదీ అదే... "వాడు పైలం, కనిపెట్టుకో." అప్పటి నుంచి వాడు షిఫ్టు దిగి సైకిల్ గంట కొట్టేదాకా నాకు కన్ను మూతపడలేదు.

సరే, మండపం సంగతి. మీవాళ్ల బుద్ధి ఎక్కడికి పోతుంది? బాయిలో నిలబెట్టినట్టే నిలబెట్టారు. గుంజల మీద దూలాలు పెట్టి, సందుల్లో చెక్క చీలికలు దిగ్గొట్టి, అయిపోయిందన్నారు. బోల్టు లేదు, కట్టు లేదు. బాయిలో అయితే పైనున్న బరువే అన్నిటినీ అదిమి పడుతుంది. పార్కులో పైన ఏముంది? నాలుగు రేకులు!

రేకులు పరిచిన సాయంత్రమే గాలిదుమారం. నేను అప్పుడే చాయ్ తీసుకుపోయాను. కప్పు కిందికి దిగలేదు, పైకి లేచింది! ఎప్పుడూ దిగే కప్పునే చూసినవాళ్లు కదా, నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. చీలికలు టపటపా రాలుతున్నాయి. చాయ్ కెటిల్ పారేసి నీ మాటే అరిచాను, ఉరకాలె అని.

అందరూ ఉరికారు. గొడ్డలి గుంజకు ఆనించి ఉంది, కొమురయ్య చేతికి అందేంత దగ్గరలో. వాడు దానివైపు చూశాడు. నా పానం పోయినంత పనైంది... వదిలేసి ఉరికాడయ్యా! వాడు బయటపడ్డాడో లేదో, దూలం సరిగ్గా దానిమీదే పడింది.

తర్వాత లారీల షెడ్డులో మెకానిక్, మన ఖదీర్ భాయ్, బోల్టులు, ఇనుప పట్టీలు తెచ్చాడు. ఈసారి గుంజలు నేలలో పాతి బిగించారు. మళ్లీ దుమారం వస్తే రేకు కూడా కదల్లేదు. నేను దానికిందే కూర్చుని పల్లీలు తిన్నాను, నమ్ముతావా?

నీ గొడ్డలికి పట్టుకునే కామ మాత్రం రెండు ముక్కలైంది. వాడు ముఖం చిన్నబుచ్చుకుని తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాణ్ని ఏమీ అనకు. కొత్త కామ వేయిస్తాం.

నిన్న వాడు సెకండ్ షిఫ్టు నుంచి ఎప్పుడొచ్చాడో నాకు తెలియదు. నిద్రపోయాను.

నీ రాజవ్వ