రూబీని బియ్యం గదిలోంచి నాలుగో తరగతిలోకి మార్చుట గురించి

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
మెరకపాలెం కాపురస్తురాలు, డేనియల్ భార్య ప్రసన్నకుమారి నమస్కరించి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సహిత విద్యా వారోత్సవాల నాడు తమరి ప్రసంగం మధ్యలో వినబడిన ‘ఆమెన్’ల గురించియు, సదరు ఆమెన్లు పలికిన బాలికను తరగతిలో కూర్చోనిచ్చుట గురించియు.

1. నా కుమార్తె రూబీ మా ఊరి మండల పరిషత్ పాఠశాలలో నాలుగో తరగతి చదువుచున్నది. ఆమెకు పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ ఉన్నదని రాజమండ్రి డాక్టరుగారు చెప్పియున్నారు. మాట కొంచెం ముద్దగా వస్తుంది. ఏదైనా నేర్చుకోవడానికి తోటివారికంటే ఎక్కువ కాలం పడుతుంది. నేర్చుకున్నాక మాత్రం వదిలిపెట్టదు. ఈ వదిలిపెట్టకపోవడం వల్లనే ప్రస్తుత ఇబ్బంది ఏర్పడినదని మనవి.

2. మేము లూథరన్ సంఘస్థులము. ఆదివారం పాస్టరుగారు మైకు ముందు మాట్లాడుతూ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా అందరం ‘ఆమెన్’ అంటాము. కాబట్టి తెల్లచొక్కా పెద్దమనిషి ఎవరైనా మైకు ముందు మాట్లాడి ఆగితే ఆమెన్ అనడం మర్యాద అని రూబీ అభిప్రాయం. బడిలో పొద్దున్న ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు కుక్కుటేశ్వరరావు గారు క్రమశిక్షణ గురించి చెప్పి ఆగగానే రూబీ ఆమెన్ అన్నది. మిగతా పిల్లలూ అందుకున్నారు. అప్పటినుండి ‘చెప్పులు వరుసలో విడవాలి’ అన్నా ఆమెన్, ‘గుడ్డు పెంకులు కాలవలో పడెయ్యకూడదు’ అన్నా ఆమెన్. సారు పిఠాపురం వారు, నిష్ఠగల మనిషి. ఇందులో మతప్రచారం ఏమీ లేదనీ, ఉపన్యాసం తొందరగా ముగియాలన్న ఉద్దేశం రూబీకి అసలే లేదనీ ఆయనకు విన్నవించుకున్నాను. మిగతా పిల్లల ఉద్దేశం గురించి నేను హామీ ఇవ్వలేను.

3. ఇక అసలు సంగతి. దివ్యాంగులైన పిల్లలు అందరితోపాటు ఒకే తరగతిలో చదువుకోవాలన్న అంశముపై ప్రసంగించుటకు తమరు మొన్న మంగళవారం మా బడికి విచ్చేసినారు. తమరి ప్రసంగానికి ఆటంకం కలగరాదని హెడ్మాస్టరు గారు, బడి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క దివ్యాంగ బాలికను ఆ పూట మధ్యాహ్న భోజనం బియ్యం ఉంచే గదిలో కూర్చోబెట్టి గడియ పెట్టినారు. ఆ గదికి కిటికీ ఉన్నది. మైకు సెట్టు కూడా మంచిది. తమరు ‘ఏ బిడ్డా వెనకబడిపోకూడదు’ అని ఆగినారు. బియ్యం గదిలోంచి ఆమెన్ వినబడింది.

‘ఏంటండీ అది?’ అని తమరు అడిగినారు.

‘పక్కన చర్చి ఉందండి. ప్రార్థన జరుగుతోందండి’ అన్నారు సారు.

‘మంచిది, మంచిది’ అని తమరు కొనసాగించినారు.

అయ్యా, బడి పక్కన ఉన్నది కొబ్బరితోట. చర్చి ఊరికి ఆ చివర ఉన్నది, మంగళవారాలు తాళం వేసి ఉంటుంది. ఆ రోజు తమరి ప్రసంగాన్ని మొదటినుండి చివరిదాకా శ్రద్ధగా విని, ప్రతి మాటనూ ఒప్పుకున్న వ్యక్తి నా కుమార్తె అని తెలియజేసుకుంటున్నాను.

4. ఈ సంగతి నాకు శ్రీదివ్య వచ్చి చెప్పింది. శ్రీదివ్య కిరాణా కొట్టు వెంకటరత్నం గారి అమ్మాయి, బెంచీ మీద రూబీ పక్కన కూర్చుంటుంది. రూబీకి అక్షరాలు వచ్చినది శ్రీదివ్య పక్కన కూర్చోబట్టే. శ్రీదివ్యకి ఎక్కాలు వచ్చినది రూబీకి చెప్పీ చెప్పీ. ఈ మాట క్లాసు టీచరు సూర్యకళ గారే అన్నారు.

రూబీ ఆ రోజు ఏడవలేదు. ‘బియ్యానికి కాపలా ఉన్నానమ్మా’ అని గొప్పగా చెప్పింది. మర్నాడు బడికి దింపితే, సంచి తగిలించుకుని తిన్నగా పోయి బియ్యం గది తలుపు ముందు నిలబడింది. తన తరగతి అదే అనుకుంది. ముందే మనవి చేసుకున్నట్టు, నేర్చుకున్నది వదిలిపెట్టదు. అయ్యా, అక్కడిదాకా నేను కోపంగానే ఉన్నాను. అది చూశాక మాత్రం గేటు పట్టుకుని నిలబడిపోయాను.

5. తదుపరి హెడ్మాస్టరు గారు ఒక కాగితం తీసుకుని మా ఇంటికి వచ్చినారు.

‘అమ్మా, వారానికోసారి ప్రత్యేక టీచరు మీ ఇంటికే వచ్చి చెప్తారు. పిల్లకీ సుఖం, బడికీ సుఖం. ఇక్కడ సంతకం పెట్టండమ్మా.’

‘మిగిలిన రోజులండి?’

‘ఇంట్లో ఆడుకుంటుంది కదమ్మా.’

‘ఎవరితోనండి?’

సారు కలానికి మూత పెట్టుకుని వెళ్ళిపోయినారు. మా ఆయన పొద్దున్నే పొలం పనికి పోతారు. నేను ఆత్రేయపురం పోయి పూతరేకులు తీస్తాను. రూబీ ఆడుకోవలసినది తలుపుతో.

6. దివ్యాంగుల హక్కుల చట్టాన్ని మా గ్రామ సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఫోనులో చూపించింది. చాలా పొడవుగా ఉన్నది. అందరితోపాటు కూర్చోబెట్టి చదువు చెప్పాలని ఉన్నది. బియ్యం గది ప్రస్తావన ఎక్కడా లేదు.

కావున రూబీని తరగతిలో శ్రీదివ్య పక్కనే కూర్చోబెట్టవలసినదిగాను, ఇంటి దగ్గర చదువు జాబితాలో ఆమె పేరు చేర్చకుండునట్లుగాను ఉత్తర్వులు ఇప్పించగలరు. ఆమెన్లు మరీ ఇబ్బందిగా ఉన్నచో, ప్రసంగాలు ఆపకుండా ఒకే ఊపిరిలో చెప్పినచో సరిపోతుందని నా చిన్న సలహా. ఈ తల్లి మొరను తీరిక చూసుకుని చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు
తమ విధేయురాలు
ప్రసన్నకుమారి

తాజా కలం: ఇది కవరులో పెడుతుండగా కుక్కుటేశ్వరరావు గారు మళ్ళీ వచ్చారు. చదువుతానన్నారు, ఇచ్చాను. రెండు చోట్ల ఒత్తులు దిద్దారు.

‘చర్చి ఉందని నేను అబద్ధం ఆడినట్టు రాశారేంటమ్మా?’ అన్నారు.

‘ఆడారు కదండి.’

‘ఆయ్, ఆడాను’ అని కాగితం తిరిగి నా చేతికిచ్చారు. ‘ఇలాంటి పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదమ్మా. ట్రైనింగ్ అడిగితే గోడకి అంటించమని పోస్టరు పంపారు. అది కూడా రాయండి.’

మీరే రాయండి అన్నాను. ఈ కింది వరుసలు ఆయన చేతిరాత:

‘పై అంశములు వాస్తవమే. నాకు తగు శిక్షణ ఇప్పించి, ప్రత్యేక ఉపాధ్యాయురాలిని ఇంటికి గాక బడికే పంపవలసినదిగా కోరడమైనది.’

కింద సంతకం పెట్టి, రూబీని పిలిచి, ‘రేపు క్లాసులోకి వస్తావా అమ్మా?’ అని అడిగారు. రూబీ ఆయన్ని ఎగాదిగా చూసింది.

‘మీరొస్తారా?’

‘వస్తానమ్మా.’

‘అయితే నా పక్కన కూచోండి’ అంది.

అందుచేత ఈ అర్జీ పోస్టు చేయడం ఒక రోజు ఆలస్యమైనది. ఈ పొద్దున సారు నాలుగో తరగతిలో రూబీకి ఒక పక్కన, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా బుల్లి బెంచీ మీద కూర్చున్నారట. రెండో పక్కన శ్రీదివ్య. సూర్యకళ టీచరుగారు సారుని ఎదురుగా పెట్టుకుని పాఠం చెప్పడానికి సిగ్గుపడుతున్నారట. దాని గురించి ఎవరైనా తమరికి వేరే అర్జీ పెట్టినచో, దయచేసి పట్టించుకోవద్దని మనవి.