తుండుగుడ్డ కింద ఆట

పొదిలి,
మంగళవారం

ప్రియమైన గఫూరుకి,

వాట్సాప్‌లో పెడితే ఎవరికి ఫార్వర్డ్ చేస్తావో అని కాగితం మీద రాస్తున్నాను. నవ్వకు.

మన ఫోన్ ఆట నాకు ప్రాణం. సంతలో ఎద్దుల బేరం, తుండుగుడ్డ కింద చేతులు, నోటితో చెప్పకుండా వేళ్ళు నొక్కి చెప్పే ధర. మన దాంట్లో వేళ్ళకి బదులు ఫోన్ వణుకుతుంది. అవతలివాడు "ఇదే ఆఖరి మాట" అంటాడు. అది నిజమో కాదో ఆడేవాడు తేల్చుకోవాలి. ఆలోచన నాది, కోడ్ నాది, బొమ్మలు నీవి. నెలాఖరున గుంటూరు గేముల పోటీలో గెలిస్తే ఈ పురుగుమందుల కొట్టు వదిలేసి ఇదే పనిలో బతుకుతాను. అంతా కుదిరింది అనుకుంటుంటే, ఇప్పుడొచ్చి ఆట కట్టే సాఫ్ట్‌వేరే మార్చాలి, గోడో వద్దు, యూనిటీలో చేద్దాం అంటావా?

గోడో తేలిక, నా పాత లాప్‌టాప్ మీద కూడా పరిగెడుతుంది. చిన్న వణుకు కావాలంటే ఒక్క లైను రాస్తే చాలు. యూనిటీ బరువు, పైగా మామూలుగా వాడితే ఒకటే పొడుగాటి వణుకు ఇస్తుంది. దానికి నువ్వు ఫోన్లో ఏమన్నావు? "ఆండ్రాయిడ్ వైబ్రేటర్‌ని కోడ్‌లోంచి మనమే నేరుగా పిలుచుకోవచ్చు" అన్నావు. ఒరేయ్, చీరలకి డిజైన్లు గీసుకునేవాడివి, ఆ మాట నీకెవడు చెప్పాడురా?

సమాధానం కాగితం మీదే రాయి.

నీ
జక్రయ్య

---

చీరాల,
శనివారం

ప్రియమైన అనుమానాల జక్రయ్యకి,

కొరియర్ అబ్బాయి నీ కవరుకి వేసిన టేపు చూసి లోపల బంగారం ఉందేమో అనుకున్నాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

నీ గోడో తేలికే, ఒప్పుకుంటున్నాను. ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు, అదీ నిజమే. కానీ యూనిటీలో ఇరుక్కుపోతే చెప్పే వీడియోలు కోకొల్లలు, రేపు ప్రకటనలు పెట్టుకోవాలన్నా అన్నీ తయారుగా దొరుకుతాయి. ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పేముంది? నీ ప్రాజెక్టు ఫైళ్ళు పంపు.

నాకెవరు చెప్పారంటావా? చెప్పనని మాటిచ్చాను. పోటీ లోపు నీకే తెలుస్తుంది. మా అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

నీ
గఫూర్

---

పొదిలి,
బుధవారం

గఫూర్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఫైళ్ళు పంపాలా? పంపను. మాటిచ్చావా? ఎవరికిరా? గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం.

నిన్న చెప్పకుండా చీరాల వచ్చాను. నువ్వు మగ్గాల షెడ్డుకి పోయావట. మీ అమ్మ జాన్‌బీ గారు టీ ఇచ్చి, "పొదిలి నుంచి ఇంకో మనిషి కూడా ఈ ఆట గురించే ఫోన్ చేస్తుంటారు బాబూ" అన్నారు. టీ సగంలో వదిలేసి బస్టాండుకి నడిచాను.

పొదిలిలో ఈ పని తెలిసినవాడు ఇంకెవడున్నాడు? మొబైల్ షాపు ఆదాం తప్ప! బస్సు దిగి నేరుగా వాడి కొట్టుకే పోయాను. నలుగురి ముందూ కాలరు పట్టుకున్నాను. "నీ ఆటెవడిక్కావాలి రా, నాకు పగిలిన ఫోన్ల గ్లాసులు మార్చుకోవడానికే తీరిక లేదు" అని వాడు అరిచాడు. ఎంత బాగా నటించాడో!

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సువార్త ముఖం పాలిపోయింది. "గఫూర్ అన్న అలాంటివాడు కాదండీ" అంది. స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ ఆన్ చేయడం నేర్పినంత మాత్రాన దానికి మనుషులు తెలుస్తారా? నువ్వు పప్పులో ఉప్పు చూసుకో అన్నాను.

నా ఆటని వేరేవాడి పేరుతో పోటీకి పంపావో, మన స్నేహం అక్కడితో సరి.

జక్రయ్య

---

చీరాల,
శుక్రవారం

ప్రియమైన జక్రయ్యకి,

కాలరు పట్టుకున్నావని చదివాక ఇక దాచలేను. నిన్న సువార్త చెల్లెమ్మకి ఫోన్ చేసి మాట వెనక్కి తీసుకున్నాను. ఏడ్చింది, తర్వాత "రాయన్నా" అంది.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికావు కదరా! ఆ ఇంకో మనిషి మీ ఆవిడే. స్కూలు వదిలాక అక్కడి కంప్యూటర్ మీద కూర్చుని యూనిటీలో మన ఆట మొత్తం మళ్ళీ కట్టింది. పెళ్ళైన కొత్తలో గోడో నేర్పమని అడిగితే నువ్వు నవ్వావట. ఆ నవ్వుకి భయపడే నీకు చెప్పలేదు. బొమ్మల కోసం మా అమ్మ నంబరుకి ఫోన్ చేసేది. పోటీకి పంపాలని కాదు, నీ చేతిలో పెట్టాలని చేసింది.

ఆడి చూడమని నువ్వు ముందెప్పుడో పంపినదీ, ఆమెదీ, రెండూ ఇక్కడ షెడ్డులో అందరి చేతా ఆడించాను. ఏది ఎవరిదో చెప్పలేదు. నీది చటుక్కున తెరుచుకుంది, పాత ఫోన్లలో కూడా ఆగలేదు. అక్కడ నీ గోడోదే గెలుపు. కానీ నీది ఒకసారి ఆడి పక్కన పెట్టేశారు. ఆమెది మళ్ళీ మళ్ళీ ఆడారు. ఎందుకో తెలుసా? నీ ఆటలో "ఇదే ఆఖరి మాట" అన్నవాడు ప్రతిసారీ అబద్ధమే చెబుతాడు. అది కనిపెట్టాక కాదంటూ పోతే చాలు, ఎద్దు మనదే. ఆమె ఆటలో అప్పుడప్పుడు నిజం చెబుతాడు. ఆ నిజాన్ని నమ్మకపోతే బేరం చెడి ఎద్దు వేరేవాడితో వెళ్ళిపోతుంది. ఇది గోడోకీ యూనిటీకీ ఉన్న తేడా కాదురా. నీకూ ఆమెకీ ఉన్న తేడా.

నన్ను దొంగన్నావు. బాధేసింది, దాచుకోను. పోటీకి ఏది పంపాలో, ఎవరి పేరు పెట్టాలో నువ్వే చెప్పు.

నీ
గఫూర్

---

పొదిలి,
ఆదివారం

ప్రియమైన గఫూరుకి,

ముందు ఆదాం సంగతి. వాడి కొట్టుకి పోయి, అదే నలుగురి ముందు తప్పయిందని చెప్పాను. కాసేపు తిట్టాడు, తర్వాత కుర్చీ వేశాడు. నిన్ను కూడా దొంగన్నాను. క్షమించరా.

నీ ఉత్తరం పట్టుకుని వెళ్తే సువార్త అన్నం వారుస్తోంది. "నాకు చెబితే ఏం పోయేది?" అని అడిగాను. "తిడతారని కాదండీ, మళ్ళీ నవ్వుతారని" అంది. తిట్టినా ఇంత సిగ్గయ్యేది కాదు.

తన ఆట ఆడదామన్నాను. అందులో ఇద్దరు కూడా ఆడొచ్చట. అమ్మే మనిషిగా తనే ఎదురుగా కూర్చుంది, ఫోన్ల మీద తువ్వాలు కప్పాం. "ఇదే ఆఖరి మాట" అంది. కాదన్నాను. నిజమేనట, ఎద్దు పోయింది. రెండోసారీ కాదన్నాను, రెండోదీ పోయింది. మూడోసారి తన ముఖంలోకి చూసి, సరే, నమ్ముతున్నాను అన్నాను. అప్పుడు అబద్ధం చెప్పింది! ముసలి ఎద్దుని ఎక్కువ ధరకి నాకు అంటగట్టి పకపకా నవ్వింది. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో ఆ నవ్వు నేను ఎప్పుడూ వినలేదురా.

పోటీకి ఆమె ఆటే పంపు. ముందు సువార్త పేరు, తర్వాత నీది. నా పేరు పెట్టాలో వద్దో సువార్తనే అడిగాను. ఆలోచించుకుని చెబుతానంది.

నీ
జక్రయ్య